ఇంటి సిమ్యులేటర్‌లో సెస్నా 172ను నిజమైన విమానంలా నడపడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట విహారి, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. ఇంట్లోని కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 వాడుతున్నాను. పెద్ద జెట్ విమానాల మీద నాకు ఆసక్తి లేదు. ఒకే పిస్టన్ ఇంజను, చేతితో తిప్పే ట్రిమ్ చక్రం (ముక్కును పెట్టిన చోట నిలిపి ఉంచేది), ఎర్ర పిడి ఉన్న మిక్స్చర్ మీట (ఇంజనుకు వెళ్లే పెట్రోలు, గాలి పాళ్లను మార్చేది), ఇంతే ఉండే సెస్నా 172ను శిక్షణకు చేరిన విద్యార్థి ఎంత శ్రద్ధగా నడుపుతాడో అంత శ్రద్ధగా నడపాలన్నదే నా కోరిక. గన్నవరంలో బయలుదేరి, కృష్ణానదిని పట్టుకుని ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి, మంగళగిరి కొండను చుట్టి తిరిగి రావడం నేను ఎక్కువగా చేసే ప్రయాణం.

అయితే ఈ విమానం నా నుంచి కోరే పని మరీ తక్కువగా ఉన్నట్లు అనిపిస్తోంది. టేకాఫ్‌లో థ్రాటిల్ (ఇంజను శక్తిని పెంచే మీట) పూర్తిగా తోసినా అది రన్‌వే మధ్యగీత మీదే పరుగెత్తుతుంది. మిక్స్చర్‌ను ముట్టుకోకపోయినా ఇంజను ఏ ఇబ్బందీ పెట్టదు. మే నెల మధ్యాహ్నమైనా, డిసెంబరు ఉదయమైనా ఒకే తీరుగా పైకి లేస్తుంది. మరోవైపు, పైలట్లు తేలికని చెప్పే పని, అంటే ఒకే ఎత్తులో నిలకడగా ఎగరడం, నాకు కుదరడం లేదు. ముక్కు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది.

నా దగ్గర ఉన్నది మెలితిప్పితే రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పనిచేసే మామూలు జాయ్‌స్టిక్ ఒక్కటే. ఖర్చు పెట్టదలిస్తే ముందుగా పెడల్స్ (రడ్డర్‌ను కాళ్లతో తొక్కేవి) కొనాలా, యోక్ (విమానంలో ఉండే చేతిచక్రం) కొనాలా, లేక ఇంజను పనితీరును లోతుగా చూపే మరో విమానాన్ని కొనాలా? నిజమైన విమానం ఎన్నడూ నడపని నాలాంటివారు, తెర మీది విమానం అసలు 172లా ప్రవర్తిస్తోందో లేదో పరీక్షించుకునే మార్గం ఉందా? తెలిసిన పెద్దలు కొంచెం వివరంగా రాయవలసిందిగా మనవి.

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

విహారి గారూ, నమస్కారం. నేను చిన్న విమానాల మీద శిక్షకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని కాబట్టి మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఖర్చు సంగతికి వెళ్లేముందు, సిమ్యులేటర్‌లోని సహాయక అమరికల పేజీ తెరిచి, మిక్స్చర్‌ను తనంతట తానే సరిచేసేదాన్ని, టేకాఫ్‌లో రడ్డర్‌ను మీ బదులు తొక్కేదాన్ని తీసివేయండి. మీరు చెప్పిన లక్షణాలలో రెండు అక్కడి నుంచే వస్తున్నాయని నా నమ్మకం.

అవి తీసివేశాక థ్రాటిల్ తోస్తే విమానం ఎడమకు లాగుతుంది. పైలట్ కూర్చున్న చోటు నుంచి చూస్తే 172 ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది. అది వెనక్కి తోసే గాలి విమానం చుట్టూ మెలికలు తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమ పక్క నుంచి కొడుతుంది. ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు, కిందికి దిగే కుడివైపు ప్రొపెల్లర్ రెక్క ఎక్కువ లాగుడు ఇస్తుంది. ఈ రెండూ, ఇంజను టార్క్ కూడా, ఒకే దిక్కుకు పనిచేస్తాయి. అందుకే టేకాఫ్‌లోనూ, ఎక్కుతున్నంతసేపూ కుడి రడ్డర్ కావాలి. థ్రాటిల్ తగ్గించి దిగేటప్పుడు ఆ అవసరం దాదాపు పోతుంది. విమానం పక్కకు జారడాన్ని చూపే పరికరంలోని చిన్న బంతి మధ్యలో ఉందా లేదా అన్నదే దీనికి కొలమానం. కాబట్టి కొనదలిస్తే ముందుగా పెడల్స్ కొనండి. మణికట్టుతో మెలితిప్పే రడ్డర్‌లో, చేయి ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలక) కోసం పక్కకు వంగినప్పుడల్లా రడ్డర్ కూడా తెలియకుండా కదులుతుంది. కాళ్లకు కాళ్ల పని అప్పగిస్తే చేయి శుభ్రంగా పనిచేస్తుంది. యోక్ ఎప్పుడైనా కొనవచ్చు.

ఇక ముక్కు ఊగడం గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఎగిరేవారిలో అత్యధికులకు ఉండే ఇబ్బంది ఇదే, దీనికి కారణం మీ చేతకానితనం కానే కాదు. నిజమైన విమానంలో మనం యోక్‌ను కావలసిన చోట పట్టుకుంటాం. చేతికి బరువు తెలుస్తుంది. ఆ బరువు పోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతాం. బరువు పోయాక యోక్ మనం పట్టుకున్న చోటే నిలుస్తుంది. స్ప్రింగ్ ఉన్న జాయ్‌స్టిక్ అలా నిలవదు. ట్రిమ్ ఎంత చేసినా దాని స్ప్రింగ్ దాన్ని మధ్యకే లాగుతుంది, చేతికి తగిలే బరువు కూడా మారదు. అందువల్ల ఇంట్లో పద్ధతి కొంచెం మార్చుకోవాలి. ముక్కును క్షితిజరేఖ మీద మీకు కావలసిన చోట స్టిక్‌తో నిలపండి. స్టిక్‌ను ఏ వైపు పట్టి ఉంచారో ఆ వైపే ట్రిమ్‌ను చిన్న చిన్న మెట్లుగా ఇస్తూ, ఇచ్చిన మేరకు స్టిక్‌ను మధ్యకు వదులుతూ రండి. ఈ మొత్తం సమయంలో ముక్కు క్షితిజరేఖ మీద కదలకూడదు. అదే మీ పరీక్ష. స్టిక్ మధ్యకు వచ్చేసరికి విమానం తనంతట తాను ఎగురుతూ ఉంటుంది. నిలువు వేగం చూపే పరికరం ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి, దాని ముల్లు వెంట పరుగెత్తినంతకాలం ఊగడం ఆగదు.

దీనికి తోడుగా ఒక క్రమం ఉంది. సమతలానికి వచ్చేటప్పుడు ముందు ముక్కు, వేగం పెరిగాక పవర్, చివర ట్రిమ్. ఎక్కడం మొదలుపెట్టేటప్పుడు, దిగడం మొదలుపెట్టేటప్పుడు ముందు పవర్, తర్వాత ముక్కు, చివర ట్రిమ్. వేగం పూర్తిగా పెరగకముందే ట్రిమ్ చేసి, ఆ తర్వాత మళ్లీ మళ్లీ సరిచేసుకునేవారిని శిక్షణలో కూడా ఎంతోమందిని చూశాను.

చూపు విషయంలో మరొక మాట. ఇంట్లో నేర్చుకుని శిక్షణకు వచ్చేవారిలో కనబడే లోపం ఏమిటంటే, వారి కళ్లు పరికరాల మీదే ఉంటాయి. పగటిపూట చూపుతో ఎగిరే పైలట్ ఎక్కువ సమయం బయటికే చూడాలి. తెర కింది సగానికి ఒక కాగితం అడ్డుపెట్టి, ఇంజను శబ్దం, ముక్కుకూ క్షితిజరేఖకూ మధ్య దూరం, ఈ రెండింటితోనే సర్క్యూట్ (బయలుదేరి, రన్‌వేను చుట్టి మళ్లీ దిగడం) చేసి చూడండి. కాగితం తీసి చూసినప్పుడు వేగం ఐదు నాట్ల (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) తేడాలో ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్లే. తెరలో కనబడే దృశ్యం వెడల్పు కూడా ముఖ్యం. 27 అంగుళాల తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది మీ కంటికి సుమారు 53 డిగ్రీల కోణమే. అంతకంటే చాలా ఎక్కువ కోణాన్ని ఆ తెరలో ఇరికిస్తే రన్‌వే ఉన్నదానికంటే దూరంగా, సన్నగా కనిపించి, నేలకు దగ్గరపడినప్పుడు ముక్కు ఎత్తే క్షణం తప్పుతుంది. పూర్తిగా 53కు తగ్గిస్తే పక్కలు కనబడవు కాబట్టి, దిగేటప్పుడు మాత్రం తగ్గించుకుని, మిగతా సమయంలో పక్కకు చూసే బటన్లు వాడుకోవడం మంచి రాజీ.

మీ చివరి ప్రశ్నకు సమాధానం పైలట్ హ్యాండ్‌బుక్, అంటే విమానం తయారుచేసినవారు దానితో ఇచ్చే పుస్తకం. తెర మీది విమానాన్ని ఎవరి అభిప్రాయంతోనూ కాకుండా ఆ పుస్తకంలోని అంకెలతో పరీక్షించండి. 172లో ఎస్ రకానికి, అంటే 172ఎస్‌కు, గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. ఆ బరువుతో, పవర్ తీసేసి, ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకలు) లేకుండా నెమ్మదింపజేస్తే మీటరు మీద 48 నాట్ల దగ్గర, పూర్తి ఫ్లాప్‌లతో 40 దగ్గర స్టాల్ కావాలి, అంటే రెక్కలు మోసే శక్తిని కోల్పోవాలి. ఇంజను ఆపి 68 నాట్లతో జారితే, గాలి లేనప్పుడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు వెళ్లాలి. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక వాతావరణంలో 74 నాట్లతో ఎక్కితే నిమిషానికి 730 అడుగులు రావాలి. ఈ మూడింటిలో ఏది ఎంత తేడాగా ఉందో కాగితం మీద రాసుకోండి. జారే దూరం పుస్తకంలో ఉన్నదానికంటే బాగా ఎక్కువగా వస్తే, మీరు రన్‌వే మీద ఎందుకు తేలిపోతున్నారో కూడా అదే చెబుతుంది.

జవాబు: ఆటోనగర్ పిస్టన్, విజయవాడ

శిక్షకుల వారు గాలి సంగతి చెప్పారు, నేను ఇంజను సంగతి చెబుతాను. నా వృత్తి ఇంజన్లే, అవి నేల మీద తిరిగేవే అయినా, లైకమింగ్ కంపెనీ విమాన ఇంజన్ల మాన్యువళ్లు చదవడం నాకు ఎంతో ఇష్టం.

172ఎస్‌లో ఉన్నది ఐఓ-360-ఎల్2ఏ, 2,700 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద 180 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను. ప్రొపెల్లర్ రెక్కల కోణం మారదు కాబట్టి, బ్రేకులు పట్టి నిలబెట్టి థ్రాటిల్ పూర్తిగా తోస్తే 2,300 నుంచి 2,400 మధ్యే రావాలి. వేగం పెరిగేకొద్దీ ఆర్‌పీఎం పెరగాలి. నిలబడి ఉండగానే 2,700 చూపించే విమానం ఉంటే, ఆ విమానం తయారుచేసినవారు ప్రొపెల్లర్‌ను పట్టించుకోలేదని అర్థం చేసుకోండి. బయలుదేరేముందు 1,800 వద్ద మాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తు ఇచ్చే రెండు యంత్రాలు) ఒక్కొక్కటిగా పరీక్షించండి. ఆర్‌పీఎం తగ్గుదల ఏ మాగ్నెటో మీదైనా 150 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. అసలు తగ్గుదలే లేకపోతే కూడా అనుమానించాలి, ఎందుకంటే తాళం ఆ మాగ్నెటోను నిజంగా ఆపడం లేదేమోనన్న ప్రశ్న వస్తుంది.

మే నెలకూ డిసెంబరుకూ తేడా కనిపించడం లేదని రాశారు. సిమ్యులేటర్‌లో సిద్ధంగా ఇచ్చే నిర్మలాకాశం అమరికతో ఎగురుతున్నారేమో చూసుకోండి. ఆ అమరికలో ఉష్ణోగ్రత మన ఊరిది కాదు. వాతావరణాన్ని మీరే అమర్చి 45 డిగ్రీలు, పీడనం 1,000 హెక్టోపాస్కల్స్ పెట్టండి. ఇక, వేడికి పలచబడిన ఆ గాలి ఎంత ఎత్తులోని గాలికి సమానమో లెక్క చూడండి. గన్నవరం సముద్రమట్టానికి వంద అడుగుల లోపే ఉంది. ప్రామాణిక పీడనం 1013.25 కాబట్టి తగ్గిన పీడనం వల్ల దాదాపు 400 అడుగులు కలుస్తాయి. ప్రామాణిక ఉష్ణోగ్రత అక్కడ 14 డిగ్రీలు అనుకుంటే, మిగిలిన 31 డిగ్రీలకు డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,700 పైచిలుకు. మొత్తం 4,200 అడుగుల ప్రాంతం. అంటే విజయవాడ ఎండలో రన్‌వే మీద నిలబడి ఉన్న విమానం, తన రెక్కల వరకూ ఇంజను వరకూ, 4,200 అడుగుల కొండ మీద ఉన్నట్లే.

పుస్తకంలో అంకెలు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గరిష్ఠ బరువుతో, చిన్న రన్‌వే పద్ధతిలో, సముద్రమట్టం వద్ద 15 డిగ్రీలప్పుడు నేల మీద పరుగు 960 అడుగులు. 40 డిగ్రీలప్పుడు 1,150. ఎక్కే వేగం 730 నుంచి సుమారు 650కి పడుతుంది. ఆ పట్టిక 40 డిగ్రీల దగ్గరే ముగుస్తుంది, మన ఎండలు మాత్రం అక్కడ ఆగవు. పట్టిక దాటిన వేడిలో ఎంత పరుగు కావాలో పుస్తకం హామీ ఇవ్వదు కాబట్టి, నిజాయితీగా ఎగరదలచినవారు తెల్లవారుజామునే బయలుదేరాలి, లేదా మనుషులనో పెట్రోలునో తగ్గించుకోవాలి. సిమ్యులేటర్‌లో బరువుల పేజీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకుండా నలుగురినీ, సామానునూ నింపి ఒకసారి, ఒక్కరితో ఒకసారి ఎగిరి చూడండి. తేడా మీకు మీరే అనుభవిస్తారు.

మిక్స్చర్ విషయానికి వస్తే, గన్నవరం ఎత్తు తక్కువ కాబట్టి టేకాఫ్‌కు పూర్తి రిచ్‌గానే (పెట్రోలు పాలు ఎక్కువగా) ఉంచండి. అదనపు పెట్రోలు సిలిండర్లను చల్లబరచడానికి కూడా పనికివస్తుంది. నేల మీద నడిపేటప్పుడు మాత్రం బాగా తగ్గించాలి, ఎందుకంటే 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలులో సీసం ఉంటుంది, తక్కువ ఆర్‌పీఎంలో రిచ్‌గా నడిపితే అది స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకుంటుంది. 3,000 అడుగులు దాటి సమతలంగా ఎగురుతున్నప్పుడు, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత శిఖరానికి చేరేదాకా నెమ్మదిగా తగ్గించి, అక్కడి నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ రిచ్ వైపు వెనక్కి రండి.

మీ 172ఎస్‌లో ఇంధనం నేరుగా చిమ్మే పద్ధతి కాబట్టి కార్బ్యురేటర్ లేదు, దానిలో మంచు కట్టే బాధ కూడా లేదు. ఆ పాఠం కావాలంటే పాత 172 రకాలు ఎగరాలి. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో 172పీ ఉంది, దానిలో కార్బ్యురేటర్ వేడి మీట ఉంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన కృష్ణా డెల్టాలో ఇది చలిదేశాల సంగతి అని కొట్టివేయకూడదు. బయట 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కువే గానీ, 38 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో కూడా మంచు కట్టే అవకాశం ఉంది, ఎందుకంటే పెట్రోలు ఆవిరి కావడం వల్లా, గాలి సన్నని గొంతులో విస్తరించడం వల్లా లోపల ఉష్ణోగ్రత చాలా పడిపోతుంది. కాబట్టి డబ్బు పెట్టి మరో విమానం కొనేముందు ఇది ప్రయత్నించండి.

జవాబు: కొల్లేరు కొంగ, ఏలూరు

నేను దారి కనుక్కోవడం గురించి మాత్రమే రాస్తాను. బ్యారేజీ చుట్టూ తిరగడం చేయికి మంచిదే గానీ, జీపీఎస్ తెరను ఆపేసి గన్నవరం నుంచి రాజమండ్రికి వెళ్లి చూడండి విహారి గారూ. దూరం సుమారు 68 నాటికల్ మైళ్లు, దిశ 059, అంటే ఉత్తరం నుంచి సవ్యదిశలో 59 డిగ్రీలు. మన ప్రాంతంలో అయస్కాంత తేడా (అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య తేడా) చాలా స్వల్పం కాబట్టి దాని గురించి ఇబ్బంది లేదు. తూర్పు వైపు వెళ్తున్నారు కాబట్టి, ఆ వైపు వెళ్లేవారికి కేటాయించిన ఎత్తుల్లో 5,500 అడుగులు ఎంచుకోండి. 110 నాట్ల నేలవేగంతో 37 నిమిషాలు, ఎదురుగాలి 20 నాట్లు ఉంటే 45 నిమిషాలు. గంటకు 9 గ్యాలన్లు అనుకుంటే పెట్రోలు లెక్క మీరే వేసుకోగలరు.

మొదటి గుర్తు మా ఏలూరు, 20 మైళ్ల దగ్గర, దాదాపు మీ ముక్కు కిందే రావాలి. కుడివైపు కొల్లేరు కనిపిస్తుంది. వర్షాకాలంలో ఒకలా, ఎండాకాలంలో మరోలా ఉండే సరస్సు కాబట్టి ఉపగ్రహ చిత్రంలోని ఒడ్డును నమ్ముకుని స్థానం నిర్ణయించుకోకండి. విశాఖ వెళ్లే రైలుమార్గం ఏలూరు దాటాక మీ కుడిపక్కకు తొలగిపోతుంది, తాడేపల్లిగూడెం మీకు ఆరేడు మైళ్లు కుడివైపున ఉంటుంది. చాలామంది ఇక్కడ రైలుపట్టాల వెంట పోతారు, అది పొరపాటు కాదు, కానీ అలా పోతే వేసుకున్న లెక్క పరీక్షకు నిలబడదు. గోదావరి దాటేటప్పుడు కొవ్వూరు వంతెనలు కుడివైపు కొద్ది మైళ్ల దూరంలో కనబడాలి. అవి మీ కిందికే వచ్చాయంటే గాలి మిమ్మల్ని కుడికి నెట్టింది. విమానాశ్రయం నగరానికి ఉత్తరాన మధురపూడి దగ్గర ఉంది, ఊరి మీద వెతకవద్దు.

ఏలూరుకు చేరిన నిమిషాన్ని తప్పక రాసుకోండి. 110 నాట్లకు పదకొండు నిమిషాలు పట్టాలి, కానీ ఎక్కడానికి పట్టిన సమయం దీనికి అదనం. అక్కడ వచ్చిన తేడాతోనే రాజమండ్రి చేరే సమయాన్ని మళ్లీ లెక్కించాలి.

ప్రశ్నించినవారు: బ్రాడీపేట విహారి, గుంటూరు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ట్రిమ్‌ను మెట్లుగా ఇస్తూ స్టిక్ వదలడం మొదలుపెట్టాక ముక్కు నిలబడుతోంది. జారే దూరం పరీక్షలో మాత్రం నా విమానం పుస్తకంలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ దూరం పోతోంది, దాన్ని రాసి పెట్టుకున్నాను. పెడల్స్ కొనాలని నిశ్చయించుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. నైరుతి గాలులు గట్టిగా వీచే రోజుల్లో గన్నవరం 26 రన్‌వే (దిశ 260) మీద దిగుతుంటే విమానం చివరి క్షణంలో కుడికి కొట్టుకుపోతోంది. ఎంత గాలి వరకు ప్రయత్నించవచ్చు, చివరి వందడుగుల్లో చేతులూ కాళ్లూ ఏం చేయాలి?

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

విహారి గారూ, ముందు లెక్క. గాలి 210 దిశ నుంచి 20 నాట్లు అనుకోండి. రన్‌వే దిశ 260, తేడా 50 డిగ్రీలు, పక్కగాలి సుమారు 15 నాట్లు. 172ఎస్ పుస్తకంలో చూపించి నిరూపించిన పక్కగాలి సరిగ్గా 15. అది నిషేధం కాదు గానీ, విద్యార్థికి నేను అంత గాలిలో అనుమతి ఇచ్చేవాణ్ని కాదు. మీరు 8 నాట్ల పక్కగాలితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

దూరం నుంచి వచ్చేటప్పుడు ముక్కును గాలి వైపు, అంటే ఎడమకు తిప్పి, విమానం నడిచే దారి మాత్రం మధ్యగీత మీద ఉండేలా రండి. సుమారు 200 అడుగుల దగ్గర ముక్కును కుడి రడ్డర్‌తో రన్‌వేకు సూటిగా తిప్పి, కొట్టుకుపోకుండా ఎడమ రెక్కను కొంచెం దించండి. ఇక్కడి నుంచి రెండు పనులు విడివిడిగా చూసుకోవాలి: మధ్యగీత నుంచి పక్కకు జరిగితే ఎయిలరాన్‌తో, ముక్కు పక్కకు తిరిగితే రడ్డర్‌తో సరిచేయాలి. మీరు కుడికి కొట్టుకుపోతున్నారంటే ముక్కును సూటిగా తిప్పుతున్నారు గానీ రెక్కను దించడం లేదు, లేదా దించినదాన్ని నేల దగ్గర భయంతో సమం చేస్తున్నారు. ఎడమ చక్రం ముందు తాకడమే సరైనది. తాకాక వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్ పట్టు తగ్గుతుంది కాబట్టి, స్టిక్‌ను గాలి వైపు వదలకుండా ఇంకా ఎడమకు తోస్తూ పోవాలి. ఎక్కువమంది చక్రాలు తాకగానే చేయి వదిలేస్తారు, గాలి రెక్కను ఎత్తేది ఆ తర్వాతే. మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో ఎడమ ఎయిలరాన్, కుడి రడ్డర్ ఒకేసారి పట్టడం చేతికి కష్టం, అందుకే పెడల్స్ వచ్చేదాకా ఎక్కువ గాలిని వాయిదా వేసుకోవచ్చు.

వేగం 65 నాట్లు ఉంచి, గాలి విసుర్లుగా ఉంటే విసురులో అదనంగా వచ్చేదానిలో సగం కలపండి. గాలి విసుర్లు 30 నాట్లకు పోతున్నాయని తెలిస్తే ఫ్లాప్‌లు తగ్గించడం గురించి ఆలోచించేకంటే, కొంగ గారు చెప్పిన రాజమండ్రిని గుర్తుపెట్టుకోండి. అక్కడి రన్‌వే 23, అంటే దిశ 230. అదే 210 గాలి అక్కడ 20 డిగ్రీల తేడాతోనే వస్తుంది, 20 నాట్ల గాలిలో పక్కగాలి 7 నాట్లకు మించదు. గాలి వెనుక నుంచే ఉంటుంది కాబట్టి చేరడానికి అరగంట కొంచెం దాటితే చాలు. అయితే ఆ పెట్రోలు గన్నవరంలో బయలుదేరేటప్పుడే ట్యాంకులో ఉండాలి.